పట్టెతల బాతు పుట్టిల్లు



వచ్చే జూలైలో మన సంఘం తరఫున లడాఖ్ యాత్ర వేయాలని కార్యవర్గం అనుకున్నప్పటి నుంచి నాకు ఫోన్లు ఆగడం లేదు. నిరుడు జూలైలో నేనూ మా ఆవిడా, మా అక్కయ్యా బావగారూ వెళ్లొచ్చాం కాబట్టి అందరూ నన్నే అడుగుతున్నారు. చలి ఎంత ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రావచ్చా, పెరుగన్నం దొరుకుతుందా... వీటికి జవాబులు సులువు. మొన్న ఒక పెద్దాయన అడిగిన దానికి మాత్రం ఫోన్లో చెప్పలేకపోయాను. "అక్కడ చెట్టూ చేమా ఏమీ ఉండదటగా అబ్బాయ్, రాళ్లూ నీళ్లూ చూడ్డానికి అంత డబ్బు పోసి అంత దూరం దేనికి?" అన్నారు. ఆయన కోసమే ఇది రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి.

లడాఖ్ చెరువులు అనగానే అందరికీ పాంగాంగ్ గుర్తొస్తుంది. త్రీ ఇడియట్స్ సినిమా పుణ్యమా అని అక్కడ జనం ఎక్కువ. మేం అది కాకుండా సో మొరిరి అనే సరస్సుకు వెళ్లాం. వాళ్ల భాషలో 'సో' అంటే సరస్సు. లేహ్ నుంచి సింధు నది వెంబడి పైకి పోయి, వేడినీటి బుగ్గలుండే చుమథాంగ్ దాటి, మాహె అనే చోట వంతెన దాటి, నది వదిలి కొండల్లోకి తిరగాలి. రోజంతా ప్రయాణం. సరస్సు సముద్రమట్టానికి దాదాపు 4,500 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదాంట్లో 60 శాతం లోపే. అందుకే నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. సరస్సు వైశాల్యం 120 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. బయటికి పోయే కాలువ లేదు. చుట్టూ కొండల మీద కరిగిన మంచు లోపలికి వస్తుంది, ఎండకి ఆవిరై పోతుంది, అంతే. కాబట్టి నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి. చలికాలంలో సరస్సంతా గడ్డకడుతుంది. ఒడ్డున కొర్జోక్ అని చిన్న ఊరు, ఒక బౌద్ధ మఠం, నాలుగు బార్లీ మళ్లు.

చెట్లు లేవన్న మాట నిజమే. కొర్జోక్‌లో నిలబడి కళ్లు తిప్పితే గోధుమరంగు కొండలు, నీలం నీళ్లు, పైన మంచు, అంతే కనబడుతుంది. మా బావగారు కూడా కారు దిగగానే "ఇదేంట్రా, దున్ని వదిలేసిన దిబ్బలా ఉంది" అన్నారు. కానీ మనం రైతుబిడ్డలం. నేల చూడాలంటే కిందికి వంగాలని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వంగి చూస్తే లెక్క మారిపోయింది.

ముందు ముళ్లపొదల గురించి చెప్తాను. కరగానా అంటారు. మోకాలెత్తు కూడా ఉండవు, పసుపురంగు పూలు పూస్తాయి. పువ్వు చూడగానే నాకు కంది పువ్వు గుర్తొచ్చింది. తర్వాత చదివితే తెలిసింది, నిజంగానే అది మన కందీ పెసరా కుటుంబమేనట. గాలిలో నత్రజనిని వేళ్ల బుడిపెల్లో పట్టి నేలకిచ్చే జాతి. యూరియా బస్తాల కోసం సొసైటీ ముందు వరస కట్టే మనకి ఆ పొద విలువ వేరే చెప్పాలా? గాలికి కొట్టుకొచ్చిన మట్టి ఆ పొద మొదట్లో ఆగుతుంది. ఆ మట్టిలో గడ్డి మొలుస్తుంది. ఆ ముళ్ల చాటున మొలిచిన గడ్డినే మేకలు తినకుండా వదిలేస్తాయి. ఒక్కో పొద ఒక్కో చిన్న మడి అన్నమాట.

ఇంకోటి బుర్ట్సే. బూడిదరంగు ఆకుల చిన్న మొక్క. ఆకు నలిపితే ఘాటైన వాసన. మా ఆవిడ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని "దవనం!" అంది. పొరపాటేమీ లేదు, అది దవనం జాతిదే. మన పూలదండల్లో కనకాంబరాల మధ్య కట్టే దవనానికి దగ్గర చుట్టం. అక్కడ సంచార జాతివాళ్లు దాన్ని వేళ్లతో సహా పీకి ఎండబెట్టి పొయ్యిలో పెడతారు. వేరే కట్టె లేదు మరి. ఒక మొక్క అంత ఎదగడానికి ఎన్నేళ్లు పడుతుందో తలుచుకుంటే, చాయ్ తాగడానికి కూడా మొహమాటమేస్తుంది.

అన్నిటికన్నా వింతైనది దిండు మొక్క. కొండవాలున రాయిలా గుండ్రంగా, పచ్చగా, గట్టిగా ఉంటుంది. మా డ్రైవరు "దాని మీద కూర్చోకండి, అది చెట్టు" అంటే మేం నమ్మలేదు. వేల చిన్న చిన్న రెమ్మలు ఒకదానికొకటి అతుక్కుపోయి దిండులా తయారవుతాయి. బయట గడ్డకట్టే చలి ఉన్నా ఆ దిండు లోపల కాస్త వెచ్చగా, తడిగా ఉంటుంది. రాలిన ఆకులు బయటికి పోకుండా లోపలే కుళ్లి ఎరువవుతాయి. మనం కూర్చునే పీటంత కావడానికే దానికి పదుల ఏళ్లు పడుతుంది. ఇలాంటి మొక్కలు ఆ కొండల్లో ఆరువేల మీటర్లు దాటి కూడా బతుకుతున్నాయని శాస్త్రజ్ఞులు గుర్తించారు. లేహ్‌లో ఏడాది మొత్తానికి కురిసే వాన 100 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. మన గంగావతి వైపు అంతకి ఐదారు రెట్లు కురిసినా వర్షం లేదని ఏడుస్తాం!

ఈ పొదలూ గడ్డీ నమ్ముకుని ఎన్ని ప్రాణాలున్నాయో చూడండి. కియాంగ్ అనే అడవి గాడిదలు గుంపులు గుంపులుగా తిరుగుతాయి. అడవి గాడిదల్లో ప్రపంచంలో అన్నిటికన్నా పెద్దవి ఇవే. ఇటుకరంగు వీపు, తెల్లటి పొట్ట. ఒకటి పరుగు మొదలెడితే గుంపంతా వరసగా పరుగెత్తుతుంది. పందెం గుర్రాలని కూడా అంత అందంగా చూడలేదు. అక్కడ మేకలు కాసే చాంగ్పా జాతివాళ్లకి మాత్రం వీటి మీద కోపం, తమ మేకల గడ్డి తినేస్తున్నాయని. పష్మీనా శాలువాలకి ఉన్ని ఇచ్చేవి ఆ మేకలే. చలికి పై వెంట్రుకల కింద పెరిగే మెత్తటి నూగుని ఎండాకాలం మొదట్లో దువ్వి తీస్తారు. మన చేలల్లో అడవి పందుల గొడవ ఎలాంటిదో వాళ్లకి కియాంగ్‌ల గొడవ అలాంటిది. ఎక్కడైనా రైతు బాధ రైతు బాధే.

మార్మట్ అని ఇంకో జంతువుంది. ఉడుతకి చుట్టమే కానీ కుక్కపిల్లంత ఉంటుంది. బొరియల్లో కాపురం. వెనక కాళ్ల మీద నిలబడి చేతులు కట్టుకున్నట్టు చూస్తూ, ప్రమాదం కనబడితే ఈల వేస్తుంది. ఏడాదిలో ఆరు నెలలకి పైగా నిద్రపోతుంది. ఆ నిద్రకి కావలసిన కొవ్వంతా మిగిలిన నాలుగైదు నెలల్లో గడ్డి తిని కూడబెట్టుకోవాలి. కుందేలుకి దగ్గరైన పైకా అనే మరో బుల్లి ప్రాణి ఉంది. గుండ్రటి చెవులు, తోక కనబడదు. అది చలికాలం నిద్ర కూడా పోదు. వీటి మీద ఆధారపడి నక్కలు, తోడేళ్లు. ఎక్కడో కొండల్లో మంచు చిరుత. మంచు చిరుత మాకు కనబడలేదు, కనబడిందని చెప్పేవాళ్లని నమ్మకండి!

ఇక నీటి పక్షుల దగ్గరికి వస్తాను. నేనిది రాయడానికి అసలు కారణం అవే.

సరస్సు చివర బురద పచ్చికలో జంటగా నారింజ రంగు పక్షులు కనబడ్డాయి. బాతులాంటివే కానీ పెద్దవి. బావగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. పుస్తకంలో బొమ్మ చూసి, పేరు చదివి, ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత "ఇవి చక్రవాకాలురా! జక్కవలు! ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠం చెప్పాను, ఒక్కసారీ చూడలేదు" అన్నారు. మన కావ్యాల్లో రాత్రయితే విడిపోయి ఒకరికోసం ఒకరు అరుచుకుంటాయని చెప్పే జక్కవ జంట ఇదే. చలికాలంలో మన దేశపు నదులకీ చెరువులకీ దిగుతాయి. గుడ్లు పెట్టేది మాత్రం ఈ చల్లటి ఎత్తుల్లో, రాతి సందుల్లో, బొరియల్లో. మన కవులు చూసింది వాటి సగం బతుకే. మిగతా సగం ఇక్కడుంది.

ఆ పక్కనే నల్లమెడ కొంగల జంట. సారస జాతి. మనిషి ఛాతీ ఎత్తుంటాయి. బూడిద తెలుపు ఒళ్లు, నల్లటి మెడ, నెత్తిన ఎర్రటి బొట్టు. ప్రపంచంలో ఉన్న 15 సారస జాతుల్లో అన్నిటికన్నా చివరగా శాస్త్రజ్ఞులకి తెలిసింది ఇదే. 1876లో రష్యా యాత్రికుడు ప్రెజెవాల్స్కీ దీన్ని గుర్తించాడు. మన దేశంలో ఇది గూడు కట్టేది ముఖ్యంగా ఈ లడాఖ్ చెరువుల దగ్గరే. ఏడాదికి రెండే గుడ్లు. చాలాసార్లు ఒక్క పిల్లే బతుకుతుంది. మేం చూసిన జంట దగ్గర కూడా ఒక్క పిల్లే ఉంది, పసుపురంగు నూగుతో, తల్లి కాళ్ల మధ్య.

వాటికి కాస్త అవతల, నీటి అంచున, ఇరవై ముప్పై బాతులు. బూడిదరంగు, నారింజ కాళ్లు, తెల్లటి తల మీద వెనకవైపు రెండు నల్లటి అడ్డపట్టీలు. వెనకాల పిల్లలు వరసగా. నేను మా ఆవిడ చెయ్యి పట్టుకుని అన్నాను, "వీటిని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు."

మనలో చాలామందికి తెలుసు. కన్నడంలో పట్టె తలె హెబ్బాతు అంటారు. గదగ్ దాటి పాతిక కిలోమీటర్లు పోతే వచ్చే మాగడి కెరెలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేల సంఖ్యలో ఉంటాయి. పగలు చెరువులో, పొద్దున్నే సాయంత్రం చుట్టుపక్కల చేలల్లో మేత. ఆ చెరువుకి 2024లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన నీటి తావుల పట్టికలో చేరిందన్నమాట. సో మొరిరి 2002లోనే ఆ పట్టికలో ఉంది. మన బంధువులు తమిళనాడులో ఉంటే తిరునెల్వేలి దగ్గర కూందకుళంలో చూడవచ్చు, ఒడిశాలో ఉంటే చిలికాలో, మహారాష్ట్రలో ఉంటే పుణె దాటాక భిగ్వణ్‌లో. చూడండి, మనవాళ్లు ఏయే రాష్ట్రాల్లో స్థిరపడ్డారో ఈ బాతులూ ఆయా రాష్ట్రాల్లోనే చలికాలం కాపురం పెడతాయి!

ఒక మాట సరిగ్గా చెప్పాలి. నేను సో మొరిరిలో చూసిన బాతే మాగడికి వస్తుందని కాదు. ఈ జాతి టిబెట్‌లో, మంగోలియాలో, చైనాలో, కిర్గిజ్‌స్థాన్‌లో కూడా గుడ్లు పెడుతుంది. మంగోలియాలో శాస్త్రజ్ఞులు మెడకి పట్టీ వేసి వదిలిన బాతులు మన కర్ణాటక చెరువుల్లో కనబడ్డాయి. ఎక్కడి నుంచి వచ్చినా దారి మాత్రం హిమాలయాల మీదుగానే. శరీరానికి కట్టిన పరికరాలతో కొలిస్తే ఒక బాతు 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు తేలింది. అయితే ఎప్పుడూ అంత ఎత్తున పోవు. కొండ వచ్చినప్పుడు ఎక్కుతాయి, లోయ వచ్చినప్పుడు దిగుతాయి, నేలని అంటిపెట్టుకున్నట్టు పోతాయి. ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున, గాలి చల్లగా చిక్కగా ఉన్నప్పుడు ఎగురుతాయి. తక్కువ ప్రాణవాయువునే గట్టిగా పట్టుకునే గుణం వాటి రక్తంలో ఉంది. మనం నాలుగు మెట్లకి ఆయాసపడే చోట అవి రెక్కలాడిస్తూ కొండ దాటుతాయి.

ఈ సంగతులన్నీ ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. మీలో చాలామందికి నాన్న తెలుసు. 1958లో, పన్నెండేళ్ల వయసులో, తాతయ్యతో కలిసి పామర్రు వైపు నుంచి ఎద్దులూ నాగలీ లారీలో ఎక్కించుకుని తుంగభద్ర కాలువ కిందికి వచ్చిన మనిషి. ముళ్లకంప కొట్టి, గుడిసె వేసి, మడి కట్టిన తరం. అలా వచ్చినవాళ్లు దిగిన చోట్లన్నిటికీ క్యాంపు అనే పేరు. అరవై ఏళ్లు దాటినా అది ఊరు కాలేదు, క్యాంపే! ఇప్పటికీ సంతలో మనల్ని 'ఆంధ్రదవరు' అంటారు. పెళ్లికి పామర్రు పోతే 'కర్ణాటకవాళ్లొచ్చారు' అంటారు. రెండు చోట్లా ప్రేమగానే అంటారనుకోండి. కానీ రెండు చోట్లా అంటారు.

నాన్నకిప్పుడు ఊపిరితిత్తులు బాగాలేవు. మెట్లెక్కలేరు. లడాఖ్ మాట దేవుడెరుగు, మేడ మీదికి రాలేరు. మంచం పక్కన కూర్చుని ఫోనులో ఫొటోలు ఒక్కొక్కటీ చూపించాను. కియాంగ్‌లు చూసి "గాడిదలకి కూడా ఇంత దర్జా ఉందా" అని నవ్వారు. బాతుల ఫొటో రాగానే ఫోను చేతిలోకి తీసుకున్నారు.

"ఇవి మన పొలంలో దిగేవే కదరా. కోతలయ్యాక వచ్చేవి. మీ తాత కొట్టనిచ్చేవాడు కాదు. పరాయి చోటి నుంచి వచ్చినవాటిని కొట్టకూడదు, మనం కూడా అలా వచ్చినవాళ్లమే అనేవాడు."

నేను వాటి వయ్యారం, ఎత్తులూ, దారులూ అన్నీ చెప్పాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు. "అయితే వీటి ఊరు అదా, ఇదా?"

పక్షుల పుస్తకాలన్నీ వాటిని శీతాకాలపు అతిథులనే రాస్తాయి, వలస పక్షులంటాయి. అదే చెప్పాను. నాన్న ఒప్పుకోలేదు. "ఏడాదికి నాలుగైదు నెలలుండేవాడు అతిథేంటి? గుడ్డు పెట్టిన చోటు పుట్టిల్లు, గింజ పెట్టిన చోటు మెట్టినిల్లు. ఆడపిల్లని అడుగు, ఏది నీ ఇల్లు అంటే ఏం చెప్తుందో" అన్నారు.

తర్వాత నాకొక సంగతి తెలిసింది. 1790లో ఇంగ్లండుకి చెందిన జాన్ లేథమ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు ఈ బాతుకి శాస్త్రీయ నామం పెట్టాడు. అందులో 'ఇండికస్' అనే మాట ఉంది, భారతదేశానిది అని అర్థం. గుడ్లు ఎక్కువగా మన దేశానికి ఆవలే పెట్టినా పేరు మాత్రం మెట్టినింటిదే వచ్చింది. నాన్నకి చెప్తే "చూశావా" అన్నారు.

ఇప్పుడు యాత్ర సంగతి. ఇది కాస్త మనసులో పెట్టుకుని చదవండి.

మనం వెళ్లాలనుకునే జూలై ఆ పక్షులకి ఎలాంటి నెలో తెలుసా? మంచు కరిగాక మే, జూన్‌లలో గుడ్లు పెడతాయి. జూన్, జూలైలలో పిల్లలు. సరిగ్గా ఆ పిల్లల్ని పెంచే రోజుల్లోనే పెద్ద బాతులకి రెక్కల ఈకలన్నీ ఒక్కసారిగా ఊడి కొత్తవి వస్తాయి. దాదాపు నెల రోజులు అవి ఎగరలేవు. హిమాలయాలు దాటే పక్షి ఆ నెలంతా కోడిలా నేల మీదే. ప్రమాదం వస్తే పిల్లల్ని వెంటేసుకుని నీళ్లలోకి పరుగెత్తడమే దిక్కు. సెప్టెంబరు, అక్టోబరుకల్లా ఆ పిల్లలకి కొండ దాటే బలం రావాలి. అంటే వాటికున్న గడువు ఒక పంట కాలమే.

ఆ రోజుల్లో మేం కళ్లారా చూసింది చెప్తాను. మేమున్న రోజు మధ్యాహ్నం రెండు బళ్లలో ఒక గుంపు వచ్చింది. ఎవరో, ఎక్కడివాళ్లో అనవసరం. బళ్లని నేరుగా పచ్చిక మీదికి తోలుకుంటూ నీళ్ల అంచుదాకా పోయారు, ఫొటోల కోసం. కొంగల జంట పిల్లని తీసుకుని అవతలికి నడిచిపోయింది. వాళ్లు తిన్న పూరీలు, చిప్స్ మిగిలితే అక్కడ తిరిగే కుక్కలకి విసిరారు. పుణ్యమనే విసిరారు, కాదనను. ఐదారు కుక్కలు తోక ఊపుతూ తిన్నాయి.

మా డ్రైవరు చాంగ్పా కుటుంబంలో పుట్టిన కుర్రాడు. వాళ్లమ్మ ఇంకా మేకల వెంట గుడారాల్లోనే ఉంటుందట. అతను హిందీలో నెమ్మదిగా చెప్పాడు. "సార్, వేసవిలో ఈ కుక్కలు మీ తిండి తింటాయి. శిబిరాల దగ్గర, హోటళ్ల దగ్గర పారేసింది తింటాయి. పిల్లల్ని పెడతాయి. అక్టోబరుకి మీరంతా వెళ్లిపోతారు. కుక్కలు మాత్రం ఇక్కడే ఉంటాయి. ఆకలితో గుంపులు కడతాయి. మా మేకల్ని పట్టుకుంటాయి. వసంతంలో కొంగ గుడ్లు పెట్టగానే అక్కడికి పోతాయి."

అతను చెప్పింది ఒక్కడి మాట కాదు. లడాఖ్‌లో నల్లమెడ కొంగ గుడ్లకీ పిల్లలకీ ఉన్న పెద్ద ముప్పుల్లో వదిలేసిన కుక్కలొకటని అక్కడ పనిచేసే పరిశోధకులు ఎప్పటి నుంచో రాస్తున్నారు. అక్కడ తోడేలుంది, నక్క ఉంది. వాటికీ గుడ్లు కావాలి. కానీ వాటి సంఖ్యని చలికాలం అదుపులో పెడుతుంది. మనం విసిరిన పూరీ ఆ అదుపుని తీసేస్తుంది. ఏడాదికి రెండే గుడ్లు పెట్టే పక్షికి ఒక్క రాత్రి చాలు, ఆ ఏడాదికి సంసారం లేనట్టే.

మార్మట్‌ల సంగతీ అంతే. దారిలో కొన్నిచోట్ల బళ్లు ఆపి వాటికి బిస్కట్లు పెట్టి సెల్ఫీలు దిగుతున్నారు. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. కానీ గడ్డి తిని కొవ్వు పట్టాల్సిన జంతువుకి మైదా, పంచదార దేనికి? మనిషంటే భయం పోతే కుక్కంటే కూడా జాగ్రత్త తగ్గుతుంది. అన్నం పెట్టడం మన రక్తంలో ఉంది, ఆ గుణం మంచిదే. కానీ ఆకలి తీర్చే చెయ్యే ఒక్కోచోట ప్రాణం తీస్తుందని అక్కడ తెలిసింది.

2000 సంవత్సరంలో ఆ సరస్సు చుట్టూ ఉండే చాంగ్పా జనం సో మొరిరిని లోకానికి పవిత్రమైన కానుకగా ప్రకటించారు. గడ్డి కోసం కియాంగ్‌తో పోట్లాడే మనుషులు, పొయ్యిలోకి మొక్క వేరు దొరకని మనుషులు, అలాంటి మాట అన్నారంటే దానికి విలువ ఉంది. మనం వాళ్లింటికి చుట్టాలుగా పోతున్నాం. చుట్టం ఎలా ఉండాలో మనకి తెలుసు. ఇల్లుగలవాడి గాదె దగ్గరికి చెప్పులతో పోం కదా!

అందుకని కార్యవర్గం ముందు నాలుగు మాటలు పెడుతున్నాను. నచ్చితే ఒప్పుకోండి, నచ్చకపోతే సమావేశంలో వాదించండి.

ఒకటి, బళ్లు రోడ్డు దిగకూడదు. సరస్సు దగ్గరికి నడిచే పోదాం, పచ్చిక బయళ్లు వదిలి, పక్షులకి దూరంగా. బైనాక్యులర్లు ఐదారు సంఘం తరఫున కొందాం. నడవలేని పెద్దలకి కొర్జోక్ పైన రోడ్డు మీద నుంచే సరస్సంతా కనబడుతుంది.

రెండు, కుక్కకైనా మార్మట్‌కైనా ఒక్క ముక్క కూడా పెట్టకూడదు. మిగిలినవన్నీ సంచుల్లో కట్టి లేహ్ దాకా వెనక్కి తెచ్చుకోవాలి. ముప్పై మందికి వండిన పులిహోర మిగిలితే ఎంత ఉంటుందో మన వంటల కమిటీకి నేను చెప్పక్కర్లేదు!

మూడు, జూలై బదులు ఆగస్టు చివరికి మార్చగలమా అని ఆలోచించండి. అప్పటికి బాతులకి రెక్కలు వచ్చి ఉంటాయి, పిల్లలు కాస్త ఎదిగి ఉంటాయి. స్కూలు పిల్లలున్నవాళ్లకి ఇబ్బందే, తెలుసు. అందుకే ఇది పట్టు కాదు, ఆలోచన మాత్రమే. జూలైకే పోవాల్సొస్తే మొదటి రెండూ మరింత గట్టిగా పాటిద్దాం.

నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఏటా కార్తీకంలో తుంగభద్ర ఒడ్డున ఉసిరి చెట్టు కింద వనభోజనాలు చేసుకుంటాం కదా. ఈసారి అది అయ్యాక, డిసెంబరులో ఒక ఆదివారం, లడాఖ్‌కి పేరిచ్చినవాళ్లూ ఇవ్వనివాళ్లూ అందరం మాగడి కెరెకి పోదాం. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి వచ్చేయొచ్చు. పిల్లల్ని తప్పకుండా తీసుకురండి. ఆ ఊరి రైతులు చేలల్లో దిగే వేల బాతుల్ని ఏళ్ల తరబడి ఎలా ఓర్చుకుంటున్నారో వాళ్లనే అడుగుదాం. కన్నడం మనకి వచ్చు కదా. మెట్టినింట్లో ఆ బాతుల్ని ముందు చూసి, తర్వాత పుట్టింటికి పోతే ఆ రాళ్లూ నీళ్లూ వేరేలా కనబడతాయి.

ఫోన్ చేసిన పెద్దాయనకి నా జవాబు ఇది. చూడ్డానికి అక్కడ చాలా ఉంది బాబాయ్ గారూ, కాకపోతే వంగి చూడాలి, దూరం నుంచి చూడాలి. మీరు మాగడికి రండి. నాన్నని కూడా కారులో తీసుకొస్తున్నాను. అక్కడ మెట్లు ఎక్కే పని లేదు, కట్ట మీదికి కారు పోతుందో లేదో ముందే వెళ్లి కనుక్కుంటాను. బాతులు చెరువు మీద దిగే వేళకి ఇద్దరికీ కుర్చీలు వేయిస్తాను.